గాలి ఎటుందో చూసి బట్టలారేసిన రోజులు

ఇందాక మాచర్లలో మా డాబా మీద ఆరేసిన తువ్వాలుతో మొహం తుడుచుకుంటే పళ్ళ మధ్య కరకరలాడింది. ఊరి బయట కంకర క్రషర్ దుమ్ము. ఆ కరకరతో పిడుగురాళ్ళ సున్నం బట్టీల పక్కనున్న మా పాత బజారు గుర్తొచ్చింది. అప్పట్నించీ మనసు నిలవట్లేదు.

మన బజారోళ్ళకి గుర్తుందా? అమ్మలంతా తడిబట్టలు చేత్తో పట్టుకుని, బట్టీల పొగ ఎటు పోతందో చూశాకే ఆరేసేవాళ్ళు. పక్కింటి రమణత్త గోడ మీంచి, "ఏమే, గాలి ఇటు మళ్ళింది, బట్టలు తీసెయ్" అని కేకేసేది. నాన్న తెల్లచొక్కాలు, నా యూనిఫారం ఉన్న ఒక్క గదిలోకే వచ్చేవి. ఇక మాకు చోటేది? "అడ్డం రాబాకండి, బయటికి పోయి ఆడుకోండి" అనేది అమ్మ.

ఆడుకున్నాం. బాదమాకుల మీద పేరుకున్న తెల్లపొడిలో వేలితో పేర్లు రాసుకున్నాం. జుట్టు తెల్లబడితే ముసలమ్మవని ఒకరినొకరం వెక్కిరించుకున్నాం. రాత్రికి దగ్గొస్తే, "పుల్లైసు తిన్నావు కదూ" అని అమ్మ తిట్టేది. ఒట్టు, చానాసార్లు తినలేదు.

అమ్మనేమంటాం? మరకలు పడితే మళ్ళీ ఉతుక్కోవాల్సింది తనే.

ఇయ్యాల నేనూ ఒక్కటి వదలకుండా బట్టలన్నీ లోపలికి తెచ్చి మంచం మీద కుప్పేశాను. కిటికీలు మూశాను. తలుపేసి గడి పెడతంటే, పైన డాబా మీంచి నా కూతురు తాడాట ఆడుకుంటా లెక్కపెట్టటం వినపడింది.