కారే నీళ్లు, ఊరే నీళ్లు

మా తమ్ముణ్ణి నీళ్ల ఆఫీసులో అందరూ పాముచెవులు అంటారు. అది తిట్టు కాదు, బిరుదు. ముప్పై నాలుగేళ్లుగా వాడి ఉద్యోగం వినడమే. బండ్లు రోడ్డెక్కకముందే భుజమెత్తు ఇనుప కడ్డీ పట్టుకుని బయలుదేరతాడు. దాని ఒక కొస నేలకి గుచ్చి, రెండో కొసకి బిగించిన చెక్క గిన్నెకి చెవి ఆనిస్తాడు. నేల అడుగున గొట్టం ఎక్కడ చిల్లుపడిందో విని, సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీస్తాడు. అక్కడ తవ్వితే నీళ్లు కనిపించాల్సిందే.

"భూమి కింది సంగతులన్నీ ఈయనకి వినిపిస్తాయి వదినా, నేను కూరగాయలు తెమ్మన్నది తప్ప" అని మా మరదలు ఎత్తిపొడుస్తుంది.

వాడి గొప్ప నేను కాక ఎవరు చెబుతారు? అమ్మ పోయేటప్పటికి వాడింకా పాకుతున్నాడు. మూడో తరగతితోనే బడికి దండం పెట్టి వాణ్ణి చంకనేసుకున్నాను. నాకు రాని చదువంతా వాడి చెవుల్లోకి పోయిందని నా లెక్క.

మా ఊరికి నీళ్లు కొండవెనక పెద్ద చెరువు నుంచి వస్తాయి. తోడిన నీళ్లలో మూడో వంతు దారిలోనే నేలపాలయ్యేది. ఆ లోటు పూడ్చడానికి ఇంకా తోడేవాళ్లు. చిల్లుకుండని నింపడానికి నుయ్యి ఎండగట్టినట్టుండేది ఆ వ్యవహారం. చెరువులో కొంగలు నిలబడిన చోట మేకలు మేస్తుంటే చూశాను. వాడు మాత్రం ఒక్కడు ఎన్ని వీధులని తిరుగుతాడు? తూర్పున ఒకటి పట్టుకునేసరికి పడమట రెండు పుట్టేవి.

రెండేళ్ల కిందట డబ్బాలొచ్చాయి. అరచేతిలో పట్టేంతే ఉంటాయి. గొట్టాన్ని జలగలా కరుచుకుని, దాని చప్పుడు విని, ఆఫీసులోని కంప్యూటరుకి పంపిస్తాయి. అలాంటివి ఊరంతా నూట ఇరవై పెట్టారు. వాటి వెనకే కళ్లజోడు ఇంజనీరమ్మ ఒకతె దిగింది. కంప్యూటరుకి చెవులైతే ఉన్నాయి గానీ ఏ చప్పుడు ఏమిటో ఎవరో ఒకరు నేర్పాలట. ఆ నేర్పేవాడు మా వాడేనట.

"నిన్ను ఇంటికి పంపేదానికి నీ చేతే పాఠం చెప్పిస్తున్నారురా" అన్నాను.

"రెండేళ్లలో ఎటూ ఇంటికే కదక్కా. ఈ చెవులు నాతోనే పోతే ఎవరికి లాభం?" అన్నాడు.

ఆరు నెలలు ఆఫీసు వెనకగదిలో ఇద్దరూ కూర్చున్నారు. వాడు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, ఇది లారీ, ఇది మోటారు, ఇది కారుతోంది అని చెప్పేవాడు. ఆ పిల్ల తెర మీద మీట నొక్కేది. ఉన్నవి రెండే మీటలు. ఒకటి లీకు, ఒకటి లీకు కాదు.

ఆ తర్వాత జరిగింది చూసి నా నోరు మూతపడింది. నా నోరు మూయించడం అంత తేలిక పని కాదని మా వీధంతటికీ తెలుసు. మొదటి నెలలోనే నలభై చిల్లులు పట్టేసింది ఆ కంప్యూటరు. మా వాడికి అది ఏడాది పని. చిల్లులు పూడ్చేకొద్దీ పంపులు ఆడే గంటలు తగ్గాయి. ఆ ఎండాకాలం చివర కొండెక్కి చూస్తే చెరువు గట్టుదాకా ఉంది, కొంగలతో సహా. అన్ని ఎండలకీ తరగకుండా నిలిచిన చెరువు అది.

చిక్కంతా పాత బట్టల మిల్లు వెనక వీధిలో వచ్చింది. ఆ వీధి చివర పల్లంలో ఒక మడుగుంది. జమ్ముగడ్డి, కప్పలు, నాలుగు బాతు కుటుంబాలు. ఊళ్లో ఎండాకాలం కూడా చల్లగాలి తగిలే చోటు అదొక్కటే. అక్కడి డబ్బా లీకు, లీకు అని రోజూ ఒకటే గోల. రెండుసార్లు తవ్వారు. గొట్టం శుభ్రంగా ఉంది, చుట్టూ మట్టి మాత్రం తడి. చివరికి పెద్ద ఇంజనీరు విసిగిపోయి, వీధి పొడుగునా నేలలోకి సిమెంటు పాలు ఎక్కించి మూసేయమన్నాడు. సోమవారం ముహూర్తం.

"అది కారడం కాదు సార్. మూస్తే కింద మడుగు ఎండిపోతుంది. ఒక్క పూట నీళ్లు ఆపి వినండి" అన్నాడట మా వాడు.

"ఆ లైను మీద ఆసుపత్రి ఉందయ్యా, ఎలా ఆపుతాం? అయినా మొన్న వెనక నుంచి మూడుసార్లు పిలిస్తే పలకలేదు మీరు. మీ చెవులు రిటైరైపోయాయి, మీరే ఇంకా కాలేదు" అన్నాడట ఆయన.

నిజానికి వాడి కుడిచెవి మందగించింది. ఆ మాట అబద్ధమైతే వాడు పోట్లాడేవాడు. నిజం కాబట్టి ఇంటికొచ్చి గోడకేసి తిరిగి కూర్చున్నాడు. అన్నం కలిపి పెట్టినా ముట్టలేదు. నా మాట తప్పేమోనక్కా, అన్నాడు. ముప్పై నాలుగేళ్లలో వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు.

శనివారం పొద్దున్నే చెప్పులేసుకుని ఆఫీసు వెనకగదికి పోయాను.

"అమ్మాయ్, మిల్లు వెనక చప్పుడు విని మా వాడు నీకు ఏమని చెప్పాడు?"

ఆమె పాత కాగితం తీసి చూసింది. "ఊరుతోంది అన్నారు పెద్దమ్మా. లీకు నొక్కాను."

"ఎందుకు నొక్కావు?"

"కారుతోంది, ఊరుతోంది... రెండూ ఒకటే కదా?"

పుట్టిన దగ్గర్నుంచీ కుళాయి నీళ్లు తాగిన పిల్ల, దాని తప్పేముంది. "చింతకాయ చూస్తే నీ నోరు ఊరుతుందా, కారుతుందా? ఊరితే ఇంకో కాయ ఇస్తారు. కారితే మూతి తుడుచుకోమంటారు. కారేది చిల్లు, ఊరేది ఊట. నువ్వు ఊటని తెచ్చి చిల్లుల్లో కలిపావు" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "నీళ్లు ఆపి వినాలన్నారు కదా బాబాయ్‌గారు. మూడు నెలల కింద గాలివానకి కరెంటు పోయి పంపులు రెండు గంటలు ఆగిపోయాయి."

"ఆ రోజు చప్పుడు ఇప్పుడెక్కడ దొరుకుతుంది?"

"డబ్బాలు విన్నదంతా దాచే ఉంది పెద్దమ్మా."

పోయిన చప్పుడు తిరిగి రాదనుకుంటూ ఇన్నేళ్లు బతికినదాన్ని. ఆ పిల్ల హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించింది. మొదట గొట్టాల రొద. ఉన్నట్టుండి పంపులు ఆగాయి, పెళ్లివారంతా వెళ్లిపోయిన ఇల్లులా అయింది. ఆ నిశ్శబ్దం అడుగున, సన్నగా, పసిబిడ్డ నిద్రలో గుటకేసినట్టు నీళ్లు కదులుతున్నాయి. ఆగలేదు. పంపులతో దానికి సంబంధం లేదు.

"మిగతా డబ్బాలు ఆ రెండు గంటల్లో ఏం విన్నాయో చూద్దాం" అంటూ ఆమె ఏవో మీటలు నొక్కింది. తెర మీద ఊరి పటం, దాని మీద నూట ఇరవై చుక్కలు. చప్పుడు లేనివి ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చాయి. చివరికి ఏడు మిగిలాయి. కొండ అంచున ఒకటి, బస్సుల షెడ్డు కింద ఒకటి, మా వీధి మలుపులో ఒకటి, అలా మిల్లు దాటి మడుగు దాకా. మనిషి వేసిన వీధులన్నీ తిన్నగా ఉన్నాయి. ఆ ఏడు చుక్కలు మాత్రం వంకర్లు తిరుగుతూ, ఇళ్ల కిందుగా, తమ దారిన తాము పోతున్నాయి.

"వాగు" అన్నాను. ఎవరో ఎప్పుడో పైన ఊరు కట్టేశారు. అది చావలేదు. మా పొయ్యిల కింద, మా పోట్లాటల కింద పారుతూనే ఉంది.

మా వాణ్ణి పిలిపించాం. పెద్ద ఇంజనీరూ వచ్చాడు. తెరకేసి చూసి, సిమెంటు బండి వద్దని అక్కడి నుంచే ఫోను చేశాడు. తర్వాత మా వాడి వైపు తిరిగి, వెనక నుంచి కాకుండా ఎదురుగా నిలబడి, "మీకు ముందే ఎలా తెలుసు?" అని అడిగాడు.

మా వాడు హెడ్‌ఫోన్లు ఎడమచెవికి ఆనించుకుని వింటున్నాడు. "ఒక్క చోటే తెలుసు సార్. మిగతా ఆరు చోట్లా దాని మీద రోజూ నడిచాను. గొట్టాల గోలలో ఎన్నడూ వినలేదు. ఇది వింది" అని కంప్యూటరుకి నమస్కారం పెట్టినంత పని చేశాడు.

ఆ పిల్ల అప్పటికప్పుడు తెర మీద మూడో మీట పెట్టింది. దాని మీద 'ఊట' అని రాసింది.

మర్నాడు మేమిద్దరం ఆ ఏడు చుక్కల కాగితం పట్టుకుని కొండ అంచు నుంచి బయలుదేరాం. వాడు కడ్డీ తేలేదు. మా వీధి మలుపుకి వచ్చేసరికి నాకు ఆయాసం వచ్చి ఆగాను. వాడు కాగితం చూశాడు, నా కాళ్ల వైపు చూశాడు.

"కాస్త పక్కకి జరుగక్కా, దాని మీద నిలబడ్డావు" అన్నాడు.

జరిగాను.