తేనెటీగలకు గృహప్రవేశం

మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశాల్లో నోరు విప్పకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. ఆ ఆదివారం తప్పాను. నిజాంపేటలోని మా భవనం డాబా మీద అత్తయ్య పెంచుతున్న కుండీల వల్ల స్లాబు చెమ్మెక్కుతోందని కార్యదర్శిగారు మొదలుపెట్టారు. "పోనీ కాయలైనా కాస్తున్నాయా అంటే, పూసిన పూలన్నీ రాలడమేనండి," అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"తేనెటీగలు లేక పిందె నిలవడం లేదు. నేను తెప్పిస్తాను," అన్నాను.

ఎక్కడి నుంచి తెప్పిస్తానో నాకే తెలియదు. ఆయన మాత్రం ఆ మాట వెంటనే మినిట్స్‌లో రాయించారు. ఉగాదిలోపు డాబా మీద ఒక పెట్టెలో తేనెటీగలు కాపురం పెడితే కుండీలు ఉంటాయి, లేదంటే ముప్పై రెండు కుండీలూ కిందికి దిగుతాయి.

అత్తయ్య గోదావరి జిల్లా నుంచి మా దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. మా ఆయనా నేనూ పొద్దున్నే హైటెక్ సిటీకి పోతే, తిరిగొచ్చేదాకా ఆవిడ మాట్లాడేది బీరపాదుతోనే. ఆ పాదు కూడా లేకపోతే ఆవిడకు పొద్దు ఎలా గడుస్తుందో అనుకుంటేనే నాకు భయం వేసింది.

మా ఆఫీసు గాజు గోడలకు పెద్ద పెద్ద తేనెపట్లు ఎవరూ పిలవకుండానే వేలాడుతుంటాయి. వాటి సంగతి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో అన్నాను. వాళ్ళ నాయన ఊళ్ళో తేనె దించేవాడట.

"గవి మనకొద్దు మేడం, కుడితే దవాఖానకే పోవుడు. చెట్టు తొర్రల ఉండే చిన్న ఈగలు మంచియి. గిప్పుడు అవి ఇండ్లు మారే కాలం. ఖాళీ పెట్టె పెడితే చాలు, అవే ఎతుక్కుంట వస్తయి."

పాత చెక్క పెట్టెకు వేలు పట్టేంత రంధ్రం పెట్టి, ఊరి నుంచి తెచ్చిన పాత తేనెపట్టు మైనం లోపలంతా రుద్ది, నీళ్ళ ట్యాంకు నీడలో ఇటుకల మీద పెట్టాడు. "ఫికర్ చేయకుండ్రి. జర దాని జోలికి మాత్రం పోకుండ్రి," అన్నాడు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఫలానాది పనిచేయడం లేదని రోజూ రాసి పంపడమే నా పని కాబట్టి, ఈగలకూ ఒక షీటు తెరిచి రోజూ సున్నా వేశాను. రెండో వారం సోమవారం నాలుగు ఈగలు వచ్చాయి. అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళలాగే లోపలికి వెళ్ళి, బయటికొచ్చి, చుట్టూ తిరిగి, మళ్ళీ లోపలికి వెళ్ళాయి. గురువారానికి ఇరవై అయ్యాయి. ఆఫీసులో కొత్త రిలీజు రోజున కూడా నేనంత పొంగిపోలేదు. శుక్రవారం ఒక్కటీ లేదు. మరుసటి వారమూ అంతే, శుక్రవారానికి సున్నా.

ఆ తర్వాతి శుక్రవారం ఇంటి నుంచి పనిచేస్తానని ఆఫీసుకు చెప్పి, డాబా తలుపు వెనక నక్కాను. పది గంటలకు అత్తయ్య పట్టుచీర కట్టుకుని, పళ్ళెంతో వచ్చింది. రంధ్రం చుట్టూ పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, మామిడాకులు కట్టింది. సాంబ్రాణి వేసి, ఆ పొగంతా విసనకర్రతో పెట్టెలోకే విసిరింది. ఆ పైన చిన్న స్టౌ వెలిగించి పాలగిన్నె పెట్టింది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

"గృహప్రవేశం అమ్మాయ్. పాలు పొంగించకుండా కొత్తింట్లో ఎవరు నిలుస్తారు? వాటికి తెలియదు కాబట్టి మనమే చెయ్యాలి."

మూడు వారాలుగా ప్రతి శుక్రవారం ఇదే చేస్తోందట. వాచ్‌మన్‌కి చెబితే నవ్వలేక మెట్ల మీద కూలబడ్డాడు. "తేనె దించేటప్పుడు ఈగల్ని ఎల్లగొట్టేది పొగతోనే మేడం."

నాకు నవ్వు రాలేదు. అత్తయ్యను నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఆవిడ పాలగిన్నె కొంగుతో పట్టుకుని కిందికి వెళ్ళిపోయింది. పెట్టెను ఎన్నిసార్లు ఎండబెట్టినా సాంబ్రాణి వాసన వదల్లేదు.

ఉగాది రెండు రోజులుందనగా కార్యదర్శిగారు ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని డాబా మీదికి వచ్చారు. వాళ్ళు మొదటి కుండీ ఎత్తుతుండగా కింద నుంచి వాచ్‌మన్ కేక వినిపించింది. పరుగెత్తాం. లిఫ్టు పక్కన గోడకు తగిలించిన సంఘం ఫిర్యాదుల పెట్టెలోకి, కాగితాలు వేసే సందులోంచి, ఈగల గుంపు బారులు తీరి పోతోంది.

"దాన్ని ఎవ్వరు తెరవరు, ముట్టరు. గందుకే నచ్చింది," అన్నాడు వాచ్‌మన్.

"అది సంఘం ఆస్తండి," అన్నారు కార్యదర్శిగారు, మెట్ల మీది నుంచే.

"డాబా మీద ఒక పెట్టెలో అని రాయించారు. ఏ పెట్టెలో అని రాయించలేదు," అన్నాను. పద్నాలుగేళ్ళ ఉద్యోగం ఆ రోజు అక్కరకొచ్చింది.

చీకటి పడబోతుండగా ఈగలన్నీ లోపల సర్దుకున్నాక, సందులో గుడ్డ కుక్కి, పెట్టెను వాచ్‌మన్ డాబా మీదికి మోశాడు. మా సాంబ్రాణి పెట్టె కిందికి వెళ్ళి, ఫిర్యాదుల పెట్టెగా లిఫ్టు పక్కన వేలాడింది. కార్యదర్శిగారు ఈగలను దూరం నుంచి చూసి, కూలీలను పంపేశారు.

అత్తయ్య డాబా తలుపు దాటి రాలేదు. చేతిలో పళ్ళెం లేదు. ఇక పొగ పెట్టనులే అంది. అన్న మాటలకు నాకు సిగ్గేసింది. అలా అని ఉండాల్సింది కాదన్నాను.

"నాకు పొగ సంగతి తెలియదమ్మాయ్," అంది. "నేను ఈ ఇంటికి వచ్చిన రోజు మీరిద్దరూ ఆఫీసులో ఉన్నారు. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకుని, తలుపు నేనే తీసుకుని లోపలికొచ్చాను. కొత్తచోటికి వస్తున్నాయి కదా, వీటికైనా ఎవరో ఒకరం ఎదురుండాలనిపించింది."

ఇద్దరం కిందికి దిగాక, వాసన ఈగలదాకా పోకుండా వంటింటి కిటికీ మూసి, ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, పొయ్యి మీద పాలు పెట్టాను. పొంగి గట్టంతా పారేదాకా ఇద్దరం చూస్తూ ఉన్నాం.