పెంటదిబ్బ కింది మట్టి

మా తోటపల్లి గూడూరు మండలంలో ఆదిశేషమ్మంత పిరికిమనిషి ఇంకొకరు లేరు. ఒకసారి ఫోనులో తుపాను కబురు రాగానే కోళ్ళన్నిటినీ మంచానికి కట్టి, మంచాన్ని కొబ్బరిచెట్టుకు కట్టి, తనను తాను మంచానికి కట్టేసుకుంది. తుపాను ఒడిశా వైపు పోయింది. కోళ్ళు మాత్రం ఇప్పటికీ మబ్బు పడితే చాలు మంచమెక్కుతాయి. నమ్మకపోతే వచ్చి చూడండి.

కానీ ఆమెను నిజంగా వణికించేది ఒక్కటే, ఉప్పు. మెట్టప్రాంతం నుంచి ఈ సముద్రపొడ్డుకు కాపురానికొచ్చింది. భర్త మస్తానయ్య పోయాక ఎకరన్నర మాగాణి ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటోంది. ఒక పక్క కాలవ, తక్కిన మూడు పక్కలా ఉప్పునీళ్ళ రొయ్యల గుంటలు. గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే గాలిచక్రాలు తిరిగే చప్పుడు ఆమె గుండెలోనే తిరుగుతున్నట్టుంటుందట. రోజూ తెల్లారగానే గట్టు మీద వంగి, నేల ఎక్కడైనా ఉప్పు తేలి తెల్లబడిందేమో చూసుకుంటుంది. చూసే ముందు ఊపిరి బిగబడుతుంది. చూశాక కూడా వెంటనే వదలదు.

ఈ వేసవిలో కోతలయ్యాక నేలల పటం గీసే పరిశోధకులు వచ్చారు. వాళ్ళలో వనజాక్షి అనే అమ్మాయి ఇంటింటికీ ఓ గుడ్డసంచి ఇచ్చింది. చేలో నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి, ఆ మట్టి కలిపి అరకిలో ఇమ్మంది. ఏ పొలంలో ఉప్పెంత, కర్బనమెంత, పైరుకు అందే సత్తువెంత అన్నది రంగులతో చూపిస్తామంది.

ఆదిశేషమ్మకు నిద్ర కరువైంది. తన నేలలో ఉప్పు తేలితే? బడికి మొదటిరోజు పోయే పిల్లకు నూనె రాసి తల దువ్వినట్టు, తన పొలం కూడా నలుగురిలో ముచ్చటగా కనబడాలనుకుంది. చేలోకి పోనేలేదు. పెరట్లో పెంటదిబ్బ కింద నల్లగా, మెత్తగా ఉన్న మట్టిని సంచీనిండా తీసి ఇచ్చి వచ్చింది.

పటం రైతు కేంద్రం గోడకెక్కింది. ఊళ్ళో పొలాలన్నీ పచ్చగానో పసుపుగానో ఉన్నాయి. ఆదిశేషమ్మ పొలం చెక్క మాత్రం నెత్తురు ముద్దలా ఎర్రగా ఉంది.

సాయంత్రానికి ఆమె మరిది పెంచలకృష్ణ వచ్చాడు. ఆమె చేనికి తూర్పున ఉన్న గుంట అతనిదే.

"వదినా, నీ నేల సచ్చిపోయినట్టే. పటమే చెప్తుండాది గదా. నాకు కౌలుకిచ్చేయ్, గుంట తవ్వుకుంటా."

"రేపు చెప్తాలే అబ్బయ్యా."

"రేపంటే రేపే. పొక్లెయిన్‌ను రమ్మని చెప్పేసినా."

ఆమె నేరుగా మా ఇంటికొచ్చింది. "మామా, సిస్టరమ్మల బళ్ళో సదువుకున్నోడివి. ఆ ఎరుపు కింద ఇంగ్లీషులో ఏం రాసినారు?"

"ఉప్పెక్కిన నేల అని."

ఉన్నచోటే కూలబడింది. పెంటదిబ్బ సంగతి గుసగుసగా చెప్పింది. "సర్కారుని మోసం చేసినానని పట్టుకుపోతారా మామా?"

"పట్టుకుపోరులే. ఆ సంచీడు మట్టీ ముద్దలు చేసి తినమంటారు."

"ఉప్పగా ఉంటదా?" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఇంక నాకు నవ్వు రాలేదు. నోరు తెరిస్తే జైలు, మూస్తే గుంట. ఆమె లెక్క అది.

మర్నాడు రైతు కేంద్రానికి తోడు వెళ్ళాను. గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగింది. చివరికి కళ్ళు మూసుకుని, "దిబ్బ కింద మట్టి తల్లీ! చేలోది కాదు!" అని అరిచింది.

వనజాక్షి తిట్టలేదు, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "అట్టా చెప్పమ్మా! సముద్రం ఉప్పయితే సోడియం ఎక్కువుండాల. నీ సంచిలో పొటాషియం ఎక్కువుంది. కర్బనమైతే ఈ ఇసుక నేలల్లో ఎక్కడా లేనంత ఉంది. మిషను చెడిపోయిందని మా సార్ నన్ను తిడతా ఉన్నాడు."

"మరి ఎరుపెందుకు ఏసినారు?"

"పేడలోను, గొడ్ల పంచితంలోను ఉప్పులుంటాయమ్మా. మిషను అన్నిటినీ కలిపే చూపిస్తుంది. పద, చేనికి పోదాం."

చేనికి పోవడమంటే అసలు భయానికి ఎదురెళ్ళడమే. ఇప్పుడు తేలబోయేది నిజమైన మట్టి. వనజాక్షి మట్టి తీసి, సీసాలో నీళ్ళు కలిపి ఊపి, తేరాక మీటరు ముంచింది. కాలవ పక్కన బాగుంది. నడిమధ్యన, తక్కిన రెండు గుంటల పక్కన కూడా బాగుంది. పెంచలకృష్ణ గుంట పక్కన మాత్రం అంకెలు పైకి ఎగబాకుతూనే పోయాయి. గాలిచక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

"తక్కిన చేనంతా బాగుంది. ఈ అంచు పొడుగునా గుంట నీళ్ళు ఊరుతుండాయి," అంది వనజాక్షి. "గుంటకీ చేనికీ మధ్యలో ఊటకాలవ తవ్వాల, ఊరే నీళ్ళు అందులోకి పోతాయి."

పొక్లెయిన్ కోసం అప్పటికే వచ్చి గట్టు మీద నిలబడ్డ మరిదివైపు ఆదిశేషమ్మ తిరిగింది. "ఆ పొక్లెయిన్ రానీ అబ్బయ్యా. కాలవ తవ్వించు. నేలియ్యను."

"మీటరు తప్పేమో! మళ్ళా పెట్టు," అన్నాడు పెంచలకృష్ణ.

మళ్ళీ పెట్టింది. అదే అంకె. అతను గుంటవైపు చూశాడు, దాని ఆవలి గట్టున ఉన్న తన ఇంటివైపు చూశాడు. అటే పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి చేతిలో నీళ్ళసీసా ఉంది.

"మా చేతిపంపు నీళ్ళు. నా మనవరాలు తాగేది ఇవ్వే. కొంచెం చూడమ్మా."

సీసా మూత అతని చేతికి రాలేదు. ఆదిశేషమ్మే తీసి పెట్టింది. వనజాక్షి మీటరు ముంచి, చూసి, "ఇవి పాపకు తాపొద్దన్నా," అంది.

పొక్లెయిన్ వచ్చి కాలవే తవ్వింది. మర్నాడు తెల్లారి అటు పోతే గట్టు మీద ఇద్దరు వంగి కనిపించారు. నేల మీద ఒకచోట తెల్లగా ఉంది.

"వదినా, ఇది ఉప్పా? చక్రాల నురుగు ఎగిరి పడిందా?"

"ముట్టుకో. పగిలితే నురుగే."

"నువ్వు ముట్టుకో. నాకు భయం."

"నాకు మాత్రం లేదా?" అంటూ ఆదిశేషమ్మ వేలు చాచింది.