బాన మూతి మీద వేలిముద్రలు

"కడుపంతా గుడ్లే. అవి తీసేస్తే ముల్లు మిగులుద్ది. దీనికా నువ్వు చెప్పే రేటు?"

"గుడ్డు చేపకేనమ్మా ఆ రేటు. వద్దంటే గంపలో పెట్టి పో. నీ ఎనక నలుగురున్నారు."

"ఏ చెరువులోదో తెచ్చి కృష్ణ చేపంటే నమ్మటానికి నేనేం పిచ్చిదాన్నా?"

"చెరువుదా? పట్టినోడి పేరు చెబుతా, పోయి అడుక్కో. జక్కయ్య. అచ్చంపేట దిగువన ఏటొడ్డు పాలెం. ఇల్లరికపు మనిషి. కుడిచెవి తమ్మె చీలి ఉంటది. బుధవారం బుధవారం లారీ కాడికి ఆయనే మోసుకొచ్చి ఇస్తాడు. ఇంకేం కావాల నీకు?"

నరసరావుపేట చేపల బజారులో అబిదా నోరు అందరికీ తెలిసిందే. కొనేవాళ్లు ఒక మాటంటే ఆమె నాలుగంటుంది. ఆ రోజు ఆ నాలుగో మాట అదే వరసలో చివర కూర్చున్న ఒక ఆడమనిషికి తగిలింది. ఎండు నెత్తళ్ల గంప ముందు గొంతుక్కూర్చుని మంచివి ఏరుకుంటున్న ఆమె పేరు ఆరోగ్యమ్మ. జక్కయ్య పెళ్లాం.

జక్కయ్యలు లోకంలో ఇంకా ఉండొచ్చుననుకుంది. కానీ చీలిన చెవి తమ్మె మరొకడికి ఉంటుందా? ఏరిన నెత్తళ్లన్నీ గంపలోనే వదిలేసి లేచింది.

కృష్ణ మీద బతికే ఆడది ఎండు నెత్తళ్లు కొనుక్కోవడానికి పేట దాకా ఎందుకొచ్చిందో చెప్పాలి. ఆమె పాలెంలో ఆరుద్ర కార్తె పెట్టిన దగ్గర్నుంచి మఖ వెళ్లేదాకా వల నీళ్లలో పడదు. మృగశిర నాడు ఊరూరా చేప తినాలంటారు గనక ఆ గిరాకీ అయ్యేదాకా పడతారు. ఆ తర్వాత కొత్తనీరు వస్తుంది. బొచ్చెలు, శీలావతులు గుడ్లతో బరువెక్కి ఎగువకు ఈదుకుంటూ వచ్చి పాలెం ముందున్న మడుగులో ఆగుతాయి. చేత్తో పట్టుకోవచ్చు, అంత మందకొడిగా ఉంటాయి. అప్పుడు పట్టకూడదు. ఇది సర్కారు పెట్టిన కట్టడి కాదు. ఆరోగ్యమ్మ తండ్రి జ్ఞానయ్య పెట్టింది.

ఆమె చిన్నప్పుడు గుంటూరు నుంచి ఒక సావుకారు వచ్చి గుడ్డు చేపకు రెండింతలు ఇస్తానన్నాడు. పాలెమంతా మడుగు మీద పడింది. ఆ ఏడాది ఆడవాళ్లు కొత్త చీరెలు కట్టారు. తర్వాతి ఏడాది వల విసిరితే నాచు వచ్చింది. ఆపై ఏడు నాచు కూడా సరిగ్గా రాలేదు. సావుకారు వేరే ఏటికి పోయాడు. పాలెం వేరుసెనక్కాయ పీకడానికి వెల్దుర్తి చేలకు నడిచింది. ఆ మెట్ట నేలలో గోళ్లు ఊడేదాకా పీకిన పిల్లల్లో ఆరోగ్యమ్మ ఒకతె.

తిరిగొచ్చాక జ్ఞానయ్య ఒక పద్ధతి పెట్టాడు. మనిషి మాటను నమ్మొద్దు, ఆకలి మాటను తినేస్తుంది అన్నాడు. ఆరుద్ర పెట్టిన నాడు అందరూ వలలకున్న సీసపు గుండ్లు విప్పి తేవాలి. గుండ్లు లేని వల నీటి మీద తేలుతుంది గానీ మునగదు. అన్నీ ఒకే బానలో పోసి, మూతికి బంకమట్టి మెత్తి, ఆ పచ్చిమట్టి మీద ఇంటికొకరు బొటనవేలు నొక్కాలి. మఖ వెళ్లాక వచ్చే ఆదివారం, ప్రార్థన అయ్యాక, అందరి ముందూ మట్టి పగలగొట్టి ఎవరి గుండ్లు వాళ్లకివ్వాలి. తండ్రి పోతూ ఆ బానను కూతురికి అప్పజెప్పాడు. ఆమె పొయ్యి పక్కన సగం నేలలో పాతి ఉంటుంది అది.

కాపలా అంటే ఊరికే కాదు. ఈ ఏడే పక్కింటి దానయ్య గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, పిల్లదానికి జొరం దిగట్లా. ఒక్క పూట గుండ్లియ్యి. రెండు చేపలు పట్టి మళ్లీ తెచ్చిస్తా."

"నీకిచ్చి ఇంకొకళ్లకి ఎట్లా లేదంటాన్రా? మా ఇంట్లోనే ఉన్నా మాకూ లేవుగా."

దానయ్య గుమ్మం దిగి వెళ్లాడు. వాడి పెళ్లాం ఇత్తడి బిందె అమ్మి మందు తెచ్చింది. ఆ బిందె బెల్లంకొండ సంతకు పోతుంటే ఆరోగ్యమ్మ తలుపు చాటుకు తప్పుకుంది.

పేట నుంచి వచ్చే దారంతా ఆమెకు ఆ బిందే గుర్తొచ్చింది. బస్సు దిగి, అచ్చంపేట నుంచి నడిచి, ఇల్లు చేరి ముందు బాన దగ్గర కూర్చుంది. మూతి మట్టి చెక్కు చెదరలేదు. వేలిముద్రలన్నీ ఉన్నాయి. నడిమధ్య తనది, దాన్ని ఆనుకుని జక్కయ్యది. బాన చుట్టూ మట్టి లాగి, రెండు చేతులా పట్టి కుదిపింది. సీసం మీద సీసం పడితే మొద్దుగా చప్పుడవుతుంది. అడుగు నుంచి గలగలమని వచ్చింది. ఏటి గులకరాళ్ల చప్పుడు.

గుండ్లు బానలో పోసింది జక్కయ్యే. ఆ రోజు అందరూ మూతి మీద వేలు నొక్కడానికి తోసుకున్నారు. తన వల గుండ్ల బదులు అతను అడుగున రాళ్లు పోసినా, లోపలేముందో ఒక్కరూ తొంగి చూడలేదు. జ్ఞానయ్య అల్లుడు పోస్తుంటే చూడటమేంది అనుకున్నారు.

జక్కయ్య పెరట్లో వల బాగుచేసుకుంటున్నాడు.

"మీ అమ్మకెట్లుందయ్యా?" అంది.

"ఉంది. దగ్గు తగ్గలా."

బుధవారం బుధవారం ఏరు దాటి, అవతలొడ్డున ఉన్న తల్లిని చూసొస్తానని పోతాడు. పోయినప్పుడల్లా ఆరోగ్యమ్మ తన వాటా జొన్నరొట్టెలు కూడా మూటగట్టి పంపింది.

"రొట్టెలు తినగలుగుతందా?"

వల అల్లే కండె ఆగింది. "ఏంది నీ గోల?"

"పేట చేపల బజార్లో నీ చెవి తమ్మె గురించి చెప్పుకుంటన్నారు."

జక్కయ్య అబద్ధమాడతాడేమోనని ఆమె చూసింది. ఆడితే బాగుండునని కూడా అనుకుంది. అతను ఆడలేదు.

"రొట్టెలు నేనే తిన్నా. రాళ్ల మాటున పడవ ఆపుకుని కూర్చుంటే ఆకలవదా?"

"దానయ్య పిల్లకి జొరమొచ్చినా గుండ్లియ్యలా నేను. నువ్వు పక్కనే ఉన్నావు. తలకాయ ఊపావు."

"చూడవే, పైన సాగరం కాడ ఆనకట్ట లేస్తంది. ఇయ్యాల గాకపోతే రేపు నీళ్లక్కడ ఆగిపోతయ్. కొత్తనీరే రానప్పుడు ఏ చేప ఎక్కుద్ది, ఏడ గుడ్డు పెడద్ది? పోయేదాన్ని దాచిపెట్టి ఎవరికిస్తావు? మీ నాన్న సమాధికా?"

ఆ మాటలో నిజం లేదని ఆమె అనలేకపోయింది. ఆనకట్ట సంగతి ఆమెకూ భయమే.

"మరా మాట బాన మూసేనాడు అందరి ముందు చెప్పొచ్చుగా?"

"చెబితే అందరూ వలలేస్తారు. అందరూ ఏస్తే రేటేముంటది?"

మామూలుగానే అన్నాడు గానీ, అన్నాక ఆ మాట తనకే వినపడినట్టు తల దించుకున్నాడు. పాలెమంతా కడుపు మాడ్చుకుని వలలు కట్టేసింది గనకే జక్కయ్య గంపకు ధర. దానయ్య బిందె అమ్ముకున్నాడు గనకే. ఆమె కాపలా కాసింది మడుగుకు కాదు, మొగుడి బేరానికి.

జక్కయ్య గొంతు తగ్గించాడు. "ఇప్పుడైనా మించిపోయిందేం లేదు. మట్టి తీసి, రాళ్లు పారబోసి, మన సీసం పోసి మళ్లీ మెత్తుదాం. అందరి ముద్రలూ నేనేస్తా. ఇల్లరికపోడు దొంగన్న మాట పడితే నేనీ పాలెంలో బతకలేను. ఆ బాన మీద నమ్మకం పోతే నీకూ బాధేగా. వచ్చే ఏడు ఒక్కడన్నా గుండ్లు తెస్తాడా?"

ఒక్కడూ తేడు. అది ఆమెకు తెలుసు. చెబితే బాన పోతుంది, బానతో మడుగు పోతుంది, మళ్లీ వెల్దుర్తి చేలు. చెప్పకపోతే బాన ఉంటుంది. కానీ వచ్చే ఏడు దానయ్య గుమ్మంలోకొస్తే ఏ మొహంతో లేదంటుంది? తన వేలి పక్కన ఆ వేలు ఎట్లా నొక్కనిస్తుంది?

ఆరోగ్యమ్మ కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో జక్కయ్యను ఆమె ఒక చీర అడగలేదు, ఒక గాజు అడగలేదు. ఇల్లు తనది, బాన తనది. అడిగితే ఇల్లరికపు మనిషి చిన్నబోతాడని అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"మఖ పోయింది, ఎల్లుండే బాన తీసే ఆదివారం. మూతి ఎప్పుడూ నేనే తీస్తా. ఈసారి నా చేత తీయించమాకయ్యా. అందరి ముందూ నువ్వే తియ్యి. సీసం పక్కకు నెట్టి, చెయ్యి అడుగుదాకా పెట్టి, ముందా రాళ్లు తీసి దానయ్య చేతిలో పెట్టు."