పట్టాకు పెట్టిన ఆముదం

మేం ఆ రోజు చేసింది తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

రజాకార్ల అలజడి అణిగిన మరుసటి ఎండాకాలం అది. మాది నిడమనూరు దగ్గర పల్లె. మా తాత కోదాడ మీదుగా బండి మీద ఒక కిరోసిన్ ఇంజను తెప్పించి బావి గట్టున పెట్టించాడు. ఎడ్లతో తోలు మోట లాగించి నీళ్లు తోడే బాధ తప్పింది కాబట్టి, ఎడ్ల జతను మిర్యాలగూడ బేరగాడికి ఇచ్చేస్తానన్నాడు. ఆ ఎడ్లను దూడలప్పటి నుంచి సాకింది మా నాయనమ్మ. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆమె తాతతో మాట్లాడటం మానేసింది. తాత ఎదురుగా కూర్చుని ఉన్నా, బువ్వకు రమ్మని మాతో చెప్పించేది. నేనూ తమ్ముడూ ఆ కబురును ఎంతో బాధ్యతగా తాతకు మోసేవాళ్లం. కానీ లోపల మేమిద్దరం ఇంజను పక్షమే.

సరిగ్గా వరి పొట్ట మీదున్నప్పుడు, ఇంజను నుంచి పంపును తిప్పే తోలు పట్టా తెగింది. తాత దాన్ని కుట్టించుకొచ్చి వాకిట్లో దండెం మీద వేశాడు. కుక్కలు తోలు ఎత్తుకుపోకుండా చూడమని మాకు అప్పగించాడు. తెల్లారితే బేరగాడు వస్తాడు, ఈ పూటే ఇంజను నడిచి తీరాలి అంటూ బావికి వెళ్లాడు.

ఊరికే కాపలా కాయడం కూడా ఒక సాయమేనా? పట్టా చూస్తే ఎండుచేపలా బిగుసుకుని ఉంది. కొత్త మోట కుట్టించినప్పుడల్లా మమ్మల్ని కూర్చోబెట్టి దానికి ఆముదం రుద్దించింది తాతే. అదీ తోలే, ఇదీ తోలే. నాయనమ్మ తలకూ దీపానికీ దాచుకున్న ఆముదం కుండ దింపి, చేతులు పడిపోయేదాకా రెండు వైపులా రుద్దాం. పట్టా నిగనిగలాడింది. తాత వచ్చి దాన్ని వేళ్లతో వంచి చూసి, మంచిగ మెత్తబడ్డదని మెచ్చుకుని మరీ భుజాన వేసుకున్నాడు. మరి తప్పంతా మాదేనా?

బావి దగ్గర పట్టా ఎక్కించి హ్యాండిల్ తిప్పగానే ఇంజను ఊరంతా వినబడేలా మోగింది. పంపు మాత్రం ఉలకలేదు, పలకలేదు. పట్టా చక్రం మీద జర్రున జారుతూ మా ముగ్గురి ముఖాలకూ ఆముదం పూసింది. తాత బిగించాడు, తిట్టాడు, తలపాగా విప్పి తుడిచాడు. తలపాగా కూడా నిగనిగలాడింది. చివరికి నెర్రెలిచ్చిన మడిని చూస్తూ గట్టు మీద కూలబడ్డాడు. ఆయన అలా కూర్చోవడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

తమ్ముడు ఇంటికి ఉరికి సంగతి చెప్పాడు. కాసేపటికి నాయనమ్మ ఎడ్లను తోలుకుంటూ వచ్చింది. తాత లేచి పాత మోటకు తాడు కట్టాడు. పొద్దు వాలేసరికి మడి తడిసింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ ఖాళీ కుండ చూసింది. మా వీపులు పగిలాయనే అనుకున్నాం. ఆమె మమ్మల్ని దగ్గరకు లాక్కుని మెల్లగా చెప్పింది.

"ఆ పట్టాకు ఇంత బూడిద రుద్దితే నూనంత గుంజుకుంటది. రేపు బేరగాడు పోయేదాంక మీ తాతకు గీ ముచ్చట చెప్పకుండ్రి."

తాత అవతల అరుగు మీదే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు గానీ లోపలికి రాలేదు.

పొద్దున్నే బేరగాడు వచ్చాడు. ఇంజను నడవడం లేదని, ఎడ్లను ఇచ్చేది లేదని తాత అతన్ని వాకిట్లోంచే పంపేశాడు. ఆ వెంటనే వంటింటి గడపలో నిలబడి, నాయనమ్మ ముందు చేయి చాచాడు.

"బేరగాడు పోయిండు. ఇగ బూడిద ఇయ్యి."