చెరువు హద్దులో తొమ్మిదో అంతస్తు

ఒక కరపత్రాన్ని పరీక్షించడానికి నేను ఖమ్మం నుంచి హైదరాబాదు వెళ్లాను. మా తమ్ముడు శ్రీధర్ దాన్ని ఫోనులో పంపి, "అక్కా, శుక్రవారం నాలుగింటికి ఫ్లాట్‌కు సంతకం పెడుతున్నం. నువ్వొచ్చి ఒక్కసారి చూసి సరే అను" అన్నాడు. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. చూడకుండా సరే అనడం నాకు చేతకాదు. చూశాక సరే అనడం కూడా అరుదేనని మా ఇంట్లో చెప్పుకుంటారు.

కరపత్రంలో నాలుగు వాగ్దానాలున్నాయి. హైటెక్ సిటీకి పన్నెండు నిమిషాలు, ఇరవై నాలుగు గంటలూ నీళ్లు, బాల్కనీ నుంచి చెరువు దృశ్యం, ప్రకృతి ఒడిలో జీవితం. చివరిదాన్ని కొలిచే పరికరం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మిగిలినవాటికి చేతిగడియారం, నోటుపుస్తకం చాలుననుకున్నాను. శ్రీధర్ తొందరకు కారణం ఉంది. మదీనాగూడలో వాళ్లుంటున్న అద్దె ఇంటిని యజమాని నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. పదకొండేళ్లలో అది వాళ్లకు ఆరో ఇల్లు.

ఉదయం ఐదున్నరకు రైలెక్కి, పదికి కొంచెం ముందు సికింద్రాబాదులో దిగాను. అక్కడి నుంచి రాయదుర్గానికి మెట్రోలో ఎక్కడా మారనక్కర్లేదు. వెనుక వచ్చేవారు ఇది గుర్తుంచుకోవచ్చు. అమీర్‌పేటలో పెట్టెలోకి చొచ్చుకొచ్చిన జనాన్ని చూస్తే, వాయువుల సంపీడనం గురించి నేను చెప్పిన పాఠాలన్నీ మెతకగా తోచాయి. నాకు చోటిచ్చిన రాజమండ్రి అమ్మాయి తన ఆఫీసు స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరమేనంది.

"ఎన్ని నిమిషాలు పడుతుంది?" అన్నాను.

"తెలీదండీ ఆంటీ, ఎప్పుడూ నడవలేదు. ఫుట్‌పాత్ ఉండదు కదండీ, ఆటో ఎక్కేస్తాను."

పదకొండింటికి హైటెక్ సిటీ పక్కనే ఉన్న రాయదుర్గంలో దిగాను. మెట్రో టికెట్టు కంటే స్టేషన్ బయట కాఫీ ఖరీదెక్కువ. చుట్టూ అద్దాల మేడలు. ఎండను అద్దాలలోంచి లోపలికి ఆహ్వానించి, ఆ తర్వాత కరెంటు ఖర్చుపెట్టి బయటికి గెంటే ఈ పద్ధతిని ఇక్కడ అభివృద్ధి అంటారు. నార్సింగి వైపు ఆటో మాట్లాడుకుని, డ్రైవరుకు పన్నెండు నిమిషాల సంగతి చెప్పాను.

"అయితది మేడమ్," అన్నాడతను గంభీరంగా. "కర్ఫ్యూ పెడితే అయితది."

సరిగ్గా పన్నెండో నిమిషంలో మేము యూటర్న్ తిరిగి, బయలుదేరిన చోటికి ఎదురుగా రోడ్డుకు అవతలివైపు ఉన్నాం. ఆ తర్వాత ఒక నీళ్ల ట్యాంకరు దారి పొడుగునా నీరు కారుస్తూ మా ముందు చేరింది. దాన్ని దాటేసి పొమ్మన్నాను.

"ఎందుకు మేడమ్ పరేషాను? ఇది మీరు పోయే కాడికే పోతది. దీని ఎనకనే పోతే అడ్రసు అడగక్కర్లే."

అన్నట్టే ట్యాంకరూ మేమూ ఒకే గేటులోకి ప్రవేశించాం. మొత్తం నలభై ఏడు నిమిషాలు. రెండు వాగ్దానాల ఫలితం ఒకే పేజీలో రాసుకున్నాను.

ఆ ప్రాజెక్టు పేరులో సరోవరమూ శిఖరమూ రెండూ ఉన్నాయి. అక్కడి భూమి మాత్రం బల్లపరుపు. శ్రీధర్, అతని భార్య లావణ్య అమ్మకాల కార్యాలయంలో ఎదురుచూస్తున్నారు. శ్రీధర్ ఉద్యోగం సాఫ్ట్‌వేరులో తప్పులు వెతకడం. తన ఇంటి విషయంలో మాత్రం ఆ ఉద్యోగానికి సెలవు పెట్టినట్టుంది. కొనడానికి వచ్చినవాళ్లకు కంపెనీ బిర్యానీ పెట్టింది. బిర్యానీ బాగుంది, అది కూడా రాసుకున్నాను.

అమ్మకాలు చూసే స్వప్న మమ్మల్ని తొమ్మిదో అంతస్తుకు తీసుకెళ్లింది. బాల్కనీ నుంచి చెరువు నిజంగానే కనిపించింది. గుర్రపుడెక్క దట్టంగా పరుచుకోవడం వల్ల నీరు మాత్రం కనిపించలేదు. వాసన గురించి కరపత్రం మౌనం పాటించింది. లావణ్య గోడ మీద అరచేయి ఆనించి నిలబడింది.

"వదినా, ఈ గోడకు మేకు కొట్టాలంటే ఎవ్వరినీ అడగక్కర్లేదు," అంది.

దానికి నా పుస్తకంలో గడి లేదు.

కిందికి దిగాక గేటు పక్కన ఒక పాలరాతి గద్దె కనిపించింది. దాని మీద మోకాలెత్తు రాయి. పసుపు, కుంకుమ, ఎండిన వేపరెమ్మలు. అరవయ్యేళ్ల ఒక పెద్దాయన భార్యతో కలిసి దాని ముందు కొబ్బరికాయ కొడుతున్నాడు. ఇదే ఫ్లాట్ కోసం వాళ్లూ వరసలో ఉన్నారని స్వప్న చల్లగా చెప్పింది. వాళ్లు లోపలికి వెళ్లాక, గద్దె ఊడుస్తున్న యాదమ్మ అనే ఆవిడను అడిగాను. ఇళ్లు రాకముందు నుంచీ ఆమెది ఆ ఊరే.

"ఏ అమ్మవారమ్మా?"

"పోచమ్మ తల్లి. మొదట్ల వట్టి రాయే ఉండె. పునాదులు తవ్వేటప్పుడు మిషన్‌తోటి దీన్ని పీకబోయిన్రు. మిషనే ఆగిపాయె. డ్రైవరు దండం బెట్టి కాయ కొట్టిండు, గంతే, మిషన్ మల్ల చాలూ అయింది. ఇగ అప్పటి సంది బోనం గూడ ఎత్తుతున్నం. గద్దె ఈ ఇండ్లు కట్టిన సేటే కట్టిచ్చిండు."

"రాయిని ఎప్పుడైనా పక్కకు జరిపారా?"

"జరిపేటోడు పుట్టలే."

"వెనకవైపు చూడొచ్చా?"

"చూడు. ఎనకకు ఎవరు మొక్కుతరు?"

వెనక పసుపు లేదు. ప్రభుత్వం చెక్కించిన అక్షరాలు, ఒక అంకె, చెరువు వైపు ఒక బాణం గుర్తు ఉన్నాయి. చెరువు నిండితే నీరు ఎంతవరకు వస్తుందో చెప్పే హద్దురాయి అది. దానికీ చెరువుకూ మధ్య ఇల్లు కట్టకూడదు. మిషన్ ఎందుకు ఆగిందో నేను నిరూపించలేను. డీజిలు అయిపోయి ఉండవచ్చు. కానీ సాక్ష్యాన్ని స్థానభ్రంశం కాకుండా ఇంత భక్తిగా కాపాడిన మరో సంస్థ నాకు తెలియదు. రాయి దగ్గర నుంచి బాణం చూపిన దిక్కుగా నడిచాను. డెబ్బై నాలుగో అడుగులో శ్రీధర్ కొనబోయే ఫ్లాట్ ఉన్న బ్లాకు మొదటి మెట్టు తగిలింది. నమ్మకం కోసం వెనక్కి వచ్చి మళ్లీ నడిచాను. ఈసారి డెబ్బై ఐదు.

కార్యాలయంలో స్వప్న మంజూరు పటం పరిచింది. "అన్ని అనుమతులూ ఉన్నాయండి మేడమ్."

"ఇందులో చెరువేది?"

"అది మన ప్రాజెక్టులో భాగం కాదు కదండీ."

"కరపత్రంలో భాగమేగా?"

"అది వ్యూ అండి," అంది స్వప్న ఓపికగా, మందబుద్ధి విద్యార్థికి చెప్పినట్టు.

తమ్ముణ్ణీ లావణ్యనూ బయటికి తీసుకెళ్లి రాయి వెనకభాగం చూపించాను. శ్రీధర్ చాలాసేపు వంగి చూశాడు.

"బ్యాంకు లోను ఇస్తున్నదక్కా. బ్యాంకోళ్లు చూడరా?"

"చూసే ఉంటారు. ముందువైపు."

"నీళ్లొచ్చినా తొమ్మిదో అంతస్తుకు రావు కద వదినా?" అంది లావణ్య. ఆ వాదనలో భౌతికశాస్త్రపరంగా దోషం లేదు.

"రావమ్మా. కానీ లిఫ్టు మోటారు, కరెంటు, మీ బండి, తాగేనీళ్ల తొట్టి కిందే ఉంటాయి. నీళ్లకంటే ముందు ప్రభుత్వం తరఫున కూల్చేవాళ్లు వస్తే వాళ్లు అంతస్తులు లెక్కపెట్టరు."

"నెలాఖరుకు యాడికి పోవాలె మరి?" అన్నాడు శ్రీధర్.

నేను మళ్లీ రాయి చూపించాను. అది ఆ ప్రశ్నకు జవాబు కాదని తెలిసే చూపించాను.

నాలుగింటికి స్వప్న పెన్ను అందించింది. శ్రీధర్ రెండు రోజుల గడువు అడిగాడు. "తప్పకుండా సర్, మీ ఇష్టమండి," అంటూ ఆమె పెన్నుతో సహా పక్క కుర్చీల్లోని కొబ్బరికాయ దంపతుల వైపు తిరిగింది. లావణ్య నాతో మాట్లాడకుండా స్కూటరెక్కింది. శ్రీధర్ మాత్రం, "నువ్వు పో అక్కా, రైలు టైమైతది. నేను జర ఆ పెద్దాయనకు ఒక మాట చెప్పొస్త," అని ఆగిపోయాడు.

తిరుగుదారిలో ఆటోకు గంటకు పైగా పట్టింది. మెట్రోలో చోటు దొరకలేదు. ఆరున్నర రైలులో కిటికీ పక్కన సీటు దొరికింది. సరైన పని చేసినప్పుడు కలిగే తృప్తి కోసం భువనగిరి దాకా ఎదురుచూశాను. రాలేదు. ఎనిమిది దాటాక కాజీపేటలో బండి ఆగినప్పుడు శ్రీధర్ ఫోన్ చేశాడు.

"ఫ్లాట్ పోయిందక్కా. ఆ పెద్దాయన తీసుకున్నడు."

"రాయి వెనకవైపు చూపించావా?"

"చేయి పట్టుకొని తీసుకపోయి చూపించిన. యాదమ్మను పిలిచి ఎనక గూడ పసుపు రాయమన్నడు."

"లావణ్య ఏమంటోంది?"

"అటక మీది డబ్బాలు దించుతున్నది. రేపటి సంది మళ్ల కిరాయి ఇండ్లు చూడాలె. నువ్వు చెప్పింది నిజమే అక్కా, నాకెరుకే. కని కొన్ని దినాలు ఫోన్ చేయకు."

నోటుపుస్తకం తీసి అడుగుల లెక్క మరోసారి చూసుకున్నాను. ఒక అడుగు అటూఇటూ తేడా ఉంది. దిక్కులో తేడా లేదు. ఆ నగరంలో ఇల్లు చూడబోయేవారికి నా సలహా ఇది: కరపత్రంలోని నిమిషాలను నాలుగుతో హెచ్చవేయండి, ట్యాంకరు వెనకాలే వెళ్లండి, రాళ్లకు రెండు వైపులా చూడండి. అయితే చూసింది చెప్పేముందు, మీ మాట వినబోయేవాళ్లు వచ్చే నెల ఎక్కడ పడుకుంటారో వెతికిపెట్టి చెప్పండి. నేను ఆ పని చేయలేదు.