గోడ మీద ఆరబెట్టిన గద్ద

మా ఆయన పోయి ఏడాది నిండిన రోజున మిట్టమధ్యాహ్నం దాకా ఒక్క కాకి కూడా మా పెరట్లో వాలలేదు.

ఆయన వడ్రంగి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఫామ్‌హౌస్‌లు లేస్తున్న కాలంలో దర్వాజాలన్నీ రెడీమేడ్‌వి రావడంతో, తోటల్లో నిలబెట్టే కట్టె పిట్టలు చెక్కడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. ఆయన పోయాక ఆ ఉలి, ఆ బాడిసే నాకు బువ్వ పెట్టాయి. మా మరిదికి అది గిట్టలేదు. ఆడది ఉలి పట్టకూడదట, పనిముట్లు తనకే రావాలట.

సంవత్సరీకం నాడు ఆయనకు ఇష్టమైన గారెలు, పప్పు, ఒక బీడీ కట్ట విస్తట్లో పెట్టి పెరట్లో ఉంచాం. పిట్ట ముట్టేదాకా ఎవరూ తినకూడదు. ఎండ నెత్తికెక్కింది. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి గానీ దిగవు.

"అన్నకు కోపమొచ్చింది వదినా," అన్నాడు మరిది. "ఆయన ఉలి నువ్ పట్టినవ్. ఇడిసిపెడ్తనని మొక్కు, గిప్పుడే ముడ్తయి."

"బీడీలు ఒక్క కట్టనే పెట్టిన్రు, గందుకేమో," అని మా ఆడబిడ్డ ఇంకో కట్ట పెట్టింది. కాకులు కదల్లేదు. "మొక్కరాదా వదినా. నాకు షుగరున్నది, కండ్లు తిరుగుతున్నయి."

మొక్కితే రేపటి నుంచి నేనేం తినాలి? కానీ ఆకలి మీదున్న చుట్టాల ముందు ఎంతసేపని మొండికేస్తాం. చేతులు జోడించి విస్తరి దగ్గరికి పోయాను. తలెత్తి చూద్దును కదా, గోడ మీద రెక్కలు విప్పుకుని గద్ద. నిన్న నేనే వార్నిష్ కొట్టి ఆరబెట్టాను. మన్నెగూడ దగ్గర తోట ఉన్నాయన జామకాయల మీదికి చిలకలు రాకుండా చేయించుకున్నాడు.

మొగుడి సంవత్సరీకం నాడు నవ్వరాదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"తమ్మీ, గా గద్దను లోపల పెట్టు."

"కట్టె గద్దకు కాకులు బయపడ్తయా?"

"పెట్టి చూడు. గప్పటికీ ముట్టకపోతే ఉలి నీకే ఇస్త."

ఆ మాటకు ఉరికి, గద్దను రెండు చేతులా వాటేసుకుని ఎత్తుకుపోయాడు. తెల్ల అంగీ నిండా వార్నిష్. గడప దాటకముందే కాకులు దిగాయి. గారెల కోసం కొట్లాడి, విస్తరి చింపి, బీడీలు చెల్లాచెదురు చేశాయి.

"అన్న సల్లబడ్డడు," అన్నాడు మరిది, అంగీ చూసుకుంటూ.

బంతిలో నేనే వడ్డించాను. నాలుగు గారెలు తిన్నాక నా మొహం చూడకుండా అడిగాడు. "నా జొన్నచేన్ల పిట్టలు ఆగుతలేవు వదినా. గసొంటి గద్ద నాకొకటి జేసియ్యరాదు?"

"చేస్త తమ్మీ. మరి ఉలి ఎవరి దగ్గరుండాలె?"

"ఇంకో గారె ఎయ్యి," అన్నాడు.